మావ పాటలూ, నలభైరెండు వైరస్సులూ

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. పోయిన వారం ఈ చేతులతో, ఇదిగో ఈ చేతులతోనే, మా ఇంట్లో నలభైరెండు వైరస్సుల్ని చంపాను! చంపి, చేతులు కడుక్కుని, టీ తాగి, మా రత్నానికి గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ తర్వాత రెండు రోజులు తిన్నది అన్నమో గడ్డో నాకు తెలిస్తే ఒట్టు. చూడండి, అప్పుడే నవ్వుతున్నారు!

ముందు మా మావ గురించి చెప్పాలి. రత్నం వాళ్ళ నాన్న, దానియేలు మావ. నౌపడ ఉప్పు మడుల్లో నలభై ఏళ్ళు ఉప్పు లాగిన మనిషి. ఎండలో ఉప్పు లాగుతూ లాగుతూ పాటలు కట్టేవాడు. యేసయ్య మీద కట్టాడు, ఎండ మీద కట్టాడు, మేస్త్రీ తిట్ల మీద కూడా ఒకటి కట్టాడు. ఆయనతో కలిసి పాడినవాళ్ళు ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్ళకీ సగం సగమే వచ్చు. ఒక లాంగ్ నోటుబుక్కులో అన్నీ రాసుకున్నాడు గానీ, తుఫాను వానకి ట్రంకుపెట్టెలోకి నీళ్ళు చేరి అది ముద్దయిపోయింది. మళ్ళీ రాద్దామంటే రెండు కళ్ళకీ శుక్లాలు. అంటే ఆ పాటలు ఉన్నది ఒక్క చోటే, మావ తలకాయలో. ఆ తలకాయకి డెబ్భై నాలుగేళ్ళు.

ఈలోగా వాళ్ళ చర్చి సంఘానికి జూబిలీ వచ్చింది. దానియేలు పాటలు పుస్తకం వేద్దామని సంఘ పెద్దలన్నారు. ఎవరు రాస్తారు? ఇంకెవరు, అల్లుడు! ఇంట్లో కంప్యూటర్ ఉంది. పైగా పలాసలో హైస్కూల్లో తెలుగు పండిట్‌ని. తెలుగు టైపింగ్ కూడా నేర్చుకున్నాను. ఇంకేం కావాలి చెప్పండి?

మూడు నెలలు ప్రతి శనివారం మావ పాసింజరు బండెక్కి వచ్చేవాడు. ఆయన పాడడం, నేను టైపు కొట్టడం. ఒక్కో పాటకి ఒక్కో ఫైలు. కొన్ని పాటలు ఠక్కున వచ్చేవి. కొన్నిటికి పల్లవి దొరికేది, చరణం దొరికేది కాదు. ఒక చరణం కోసమైతే మూడు వారాలు ఎదురుచూశాం. చివరికి రత్నం వంటింట్లో రోట్లో పచ్చడి నూరుతుంటే ఆ దెబ్బకి గుర్తొచ్చింది. అలా కూడబెట్టినవి నలభైరెండు పాటలు.

ఇక్కడ ఒక చిన్న విషయం. మావ పాడేది మావ భాషలో. "సేత్తన్నావు", "కూకో", "ఒచ్చీ". నేనేమో పండిట్‌ని! పిల్లలు "సూడండి సార్" అంటే "చూడండి" అనేదాకా కూర్చోనివ్వను. అలాంటిది పుస్తకంలో "సూడు" అని అచ్చు వేయిస్తానా? టైపు కొడుతూ కొడుతూ దిద్దేశాను. ఆయన ఇలా పాడాడనుకోండి:

"ఏటి సేత్తన్నావు ఏసయ్యా ఈ ఏల,
ఉప్పు మడికొచ్చీ, నీడై కూకో మా మీన."

నేను ఇలా కొట్టాను:

"ఏమి చేయుచుంటివి యేసయ్యా ఈ వేళ,
లవణ క్షేత్రమున ఛాయవై ఆసీనుడవగుము మాపైన."

ఎలా ఉంది? అదిరింది కదా! చదివి వినిపిస్తే మావ ఒకసారి గొంతు సవరించుకుని, "బాగుందండి అల్లుడుగోరూ" అని కండువా దులుపుకునేవాడు. ఆనందం పట్టలేక అలా చేస్తున్నాడనుకున్నాను.

సరే. టెక్కలిలో ప్రెస్సువాళ్ళు సోమవారం పొద్దున్నకల్లా ఫ్లాపీలు ఇమ్మన్నారు, లేకపోతే జూబిలీకి పుస్తకం అందదన్నారు. శనివారం మావ వచ్చి అన్నీ ఒకసారి విని, సోమవారం నాతో టెక్కలి రావాలని ఏర్పాటు. మన ఖర్మ కాకపోతే, గురువారం నాడే నేను యాంటీవైరస్ వెయ్యాలా?

మా స్టాఫ్ రూములో ఫ్లాపీలన్నిటికీ వైరస్ పట్టిందని చెప్పుకుంటుంటే భయమేసి, కాశీబుగ్గలో నెట్ సెంటర్ నడిపే మా సింహాచలం దగ్గర ఒక సీడీ తెచ్చి వేశాను. చిన్నప్పట్నుంచీ నన్ను బావా అంటాడు, నేనూ వాణ్ణి బావా అంటాను. ఆ సీడీ గిరగిరా తిరిగి, ఎర్ర డబ్బా ఒకటి చూపించి, ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఓకే కొట్టాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఓకే. కంప్యూటర్ ఏం అడిగినా ఓకే కొట్టడం నా అలవాటు. కాదంటే ఏం చేస్తుందో అని భయం.

శుక్రవారం స్కూలు నుంచి వచ్చి కంప్యూటర్ తెరిచాను. సి డ్రైవులో నేనెప్పుడూ చూడని ఫోల్డరు! పేరు "ఇన్ఫెక్టెడ్". తెరిచి చూస్తే ఫైళ్ళు, ఒకటి కాదు రెండు కాదు, నలభైమూడు! ఒక్కదానికీ మనిషి పెట్టిన పేరు లేదు. వి.ఐ.ఆర్. సున్నా సున్నా ఒకటి, వి.ఐ.ఆర్. సున్నా సున్నా రెండు... వి.ఐ.ఆర్. అంటే వైరస్ కాక ఇంకేమిటి? ఓరి నాయనో, వైరస్సుల్ని చంపమని తెస్తే ఇది నా ఇంట్లోనే కాపరం పెట్టించిందే!

వెంటనే సింహాచలానికి ఫోన్ కొట్టాను.

"బావా, నా కంప్యూటర్ నిండా వైరస్సులు. నలభైమూడున్నాయి. ఏటి సెయ్యాలి?"

వంటింట్లోంచి రత్నం తొంగిచూసింది. "ఏటండీ, ఏటైనాది? స ఒచ్చేసింది మీకు!"

అదొకటి. నాకు బాగా భయమేస్తే చ పోయి స వస్తుందట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే ఎగతాళి. "నువ్వుండవే" అన్నాను.

అవతల సింహాచలం కొట్లో ఒకటే గోల. ఎవరికో రిజల్ట్స్ తీస్తున్నాడు. నా మాట సగం వింటున్నాడు, సగం లేదు. "బావా, కంగారు పడకు. ఒక్కో ఫైలూ నోట్‌ప్యాడ్‌లో తెరిచి సూడు. సదవడానికి ఒత్తే నీది, ఉంచీ. పిచ్చి అచ్చరాలు ఒత్తే వైరస్సు, కొట్టీ. షిఫ్టు నొక్కి డిలీట్ కొట్టు, మల్లీ లేవదు" అన్నాడు.

ఎంత తేలిగ్గా చెప్పాడో చూడండి. నేను కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాను.

మొదటిది తెరిచాను. అబ్బో! టోపీ పెట్టుకున్న ఎ, తోక ఉన్న సి, తలకిందులైన ప్రశ్నార్థకం, మధ్యలో పౌండు గుర్తు, నల్ల డబ్బాలు. ఇంత నీచంగా ఉంటుందా వైరస్ మొహం అనుకున్నాను. షిఫ్ట్, డిలీట్. ఓకే. రెండోది తెరిచాను, అదే మొహం. షిఫ్ట్, డిలీట్. ఓకే. పదోదానికి వచ్చేసరికి చెయ్యి అలవాటు పడింది. ఇరవయ్యోదానికి కసి వచ్చింది. "పో! మా మావ పాటలున్న కంప్యూటర్లోకి వస్తావా?" అని పైకే తిట్టాను. ఔను, సరిగ్గా ఈ మాటే అన్నాను. రత్నం సాక్షి.

ముప్ఫై ఒకటోదో ముప్ఫై రెండోదో తెరిస్తే డబ్బాల మధ్య శుభ్రంగా ఇంగ్లీషు కనబడింది. "రెస్పెక్టెడ్ సర్, యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్". నా క్యాజువల్ లీవ్ లెటరు! హమ్మయ్య, ఎంత ప్రమాదం తప్పిందో అనుకుని దాన్ని జాగ్రత్తగా వేరే ఫోల్డర్లో దాచాను. మిగతావన్నీ ఖతం.

చెమట తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, "రత్నం, టీ ఇయ్యి. నలభైరెండు చంపాను" అన్నాను.

"నలభైరెండా?"

"సరిగ్గా నలభైరెండు."

ఆవిడ టీ వడగడుతోంది. వడగట్టి, గ్లాసు నా చేతికిచ్చి, నేను ఒక గుక్క తాగాక అడిగింది. "నాన్న పాటలు కూడా నలభైరెండే కదండీ?"

ఆ టీ ఎటు పోయిందో నాకు తెలీదు. కంప్యూటర్ దగ్గరికి ఎలా వచ్చానో తెలీదు. "పాటలు" అని నేను పెట్టిన ఫోల్డరు తెరిచాను. తెల్లగా ఉంది. కిందికి జరిపాను, పైకి జరిపాను. ఫోల్డర్ మూసి మళ్ళీ తెరిచాను. తెల్లగానే ఉంది. నా వెనక నిలబడి రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందేమో అని చూశాను, నవ్వడం లేదు.

సింహాచలాన్ని కొట్టు మూయించి మరీ పిలిపించాను. వచ్చి, చూసి, తల పట్టుకున్నాడు.

"అవి వైరస్సులు కావు బావా! వైరస్ పట్టిన నీ పైల్లు. జొరమొచ్చినోల్లని ఆస్పత్రిలో ఏసినట్టు, ఇది వాటికి పేర్లు మార్చి ఒక గదిలో ఏసింది. నువ్వెల్లి..." అని ఆగాడు. "నువ్వెల్లి అందర్నీ సంపీసినావు."

"మరి పిచ్చి అక్షరాలొచ్చాయి కదరా!"

"తెలుగు ఫాంటు నోట్‌ప్యాడ్‌లో రాదు బావా. అలాగే ఒస్తాది. నువ్వు తెలుగులో రాసినవున్నాయని నాకేటి తెల్సు?"

"నేను తెలుగు పండిట్‌నిరా!" అని అరిచాను.

దాచిన ఫ్లాపీ లేదా అన్నాడు. ఉంది. ఉండేది. అర్ధసంవత్సర పరీక్షల ప్రశ్నపత్రం కోసం పోయిన నెల్లో నేనే దాన్ని ఫార్మాట్ కొట్టాను. ప్రింటు తీయలేదా అన్నాడు. ఇంట్లో ప్రింటర్ లేదు. చెరిపినవి వెతికే సాఫ్ట్‌వేర్ ఏదో తెచ్చి వెతికాడు. ఏవో ముక్కలు దొరికితే సీడీలో ఎక్కించుకున్నాడు. "కొట్లో కూకుని అతికించి సూత్తాను. నమ్మకం మాత్రం పెట్టుకోకు" అని, వర్డ్ తీసి మళ్ళీ శుభ్రంగా వేసి, యాంటీవైరస్ జోలికి వెళ్ళొద్దని చేతులు జోడించి వెళ్ళాడు.

"మీ నాన్నకి నువ్వు చెప్పవా?" అని రత్నాన్ని అడిగాను.

"నేనెందుకు సెప్తాను? సంపింది మీరు" అంది.

శనివారం పొద్దున్నే మావ దిగాడు. ఉతికిన పంచె, కొత్త కండువా, చేతిలో జూబిలీ కరపత్రం. స్టేషన్ నుంచి ఇంటిదాకా రిక్షాలో ఒకటే మాట. "మడులోల్లందరూ ఒత్తారంట అల్లుడుగోరూ. పుస్తకం ఎప్పుడొత్తాదని రోజూ అడుగుతన్నారు."

ఇంటికి రాగానే కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "సదవండి మరి."

"కరెంటు లేదు మావా" అన్నాను.

మావ నెమ్మదిగా తలెత్తి పైకి చూశాడు. ఆయన నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. శుక్లాలున్నా ఆ గాలి తగలకుండా ఉంటుందా? మళ్ళీ నా వైపు తిరిగాడు.

ఇక లాభం లేదు. కింద కూర్చున్నాను. నిజంగానే నేలమీద, ఆయన కాళ్ళ దగ్గర. "మావా, నన్ను సెమించు. పాటలు సచ్చిపోనాయి. నేనే సంపీసినాను" అన్నాను. ఒక్క చ కూడా రాలేదు. మొత్తం చెప్పాను, ఫోల్డరు, నోట్‌ప్యాడు, లీవ్ లెటరు, అన్నీ.

మావ కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు.

"అన్నీ పోనాయా?"

"అన్నీ, మావా."

"ఒక్కటీ మిగల్లేదా?"

"ఒక్కటీ లేదు."

"ఆ లవనచ్చేత్రం పాట? అదీ పోనాదా?"

"అదీ పోయింది" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

మావ రెండు చేతులూ పైకెత్తాడు. "దేవుడికి స్తోత్రం!"

నేను రత్నం వైపు చూశాను. రత్నం నా వైపు చూసింది. పెద్దాయనకి మతి గానీ పోయిందా అని ఇద్దరికీ ఒకటే భయం. ఆయనేమో కండువాతో మొహం తుడుచుకుని ఒకటే నవ్వు! నౌపడ స్టేషన్లో కూడా వినబడి ఉంటుంది.

"ఏటనుకోకండి అల్లుడుగోరూ. మూడు నెల్ల నుంచి సెబుదామని సూత్తన్నాను. మీరు పండితులు, ఎలాగ సెప్పీది? మీరు సదివినప్పుడల్లా అది ఎవుల్దో పెద్దింటోల్ల పాటలా ఉండీది. నాది కాదు. మొన్న మా అప్పలమ్మకి ఆ లవనచ్చేత్రం పాడి ఇనిపించాను. ఉప్పు లాగీ మనిసి, నాతోటి నలభై ఏల్ల పాటు పాడింది. ఇదేటి, కోర్టు కాయితమా అంది."

కోర్టు కాయితమట! ఇరవై ఏళ్ళ సర్వీసు నాది! రత్నం ఈసారి నిజంగానే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది. మూడు నెలలు ఆయన గొంతు సవరించుకున్నదీ, కండువా దులుపుకున్నదీ అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అంత మొహమాటపడి కూర్చున్నాడు పాపం, తన పాటని నా నోట వింటూ.

"మొదలెట్టండి" అన్నాడు మావ. "ఈపాలి నేను పాడింది పాడినట్టు కొట్టండి."

అలా కూర్చున్నాం. శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఆదివారం గుడి నుంచి వచ్చాక మళ్ళీ. రత్నం నా వెనకే నిలబడి కాపలా. నా వేళ్ళు ఊరుకోవు కదా, మావ "సూడు" అంటే చ మీదికే పోతాయి. "చ కొట్టారు. స కొట్టండి" అని నా భుజం మీద ఒక్కటి వేసేది. "వచ్చి కాదు, ఒచ్చీ. సరిగ్గా రాయడం రాదేటండీ మీకు?" నాకు! ఈ మాట నాకు! పిల్లల నోటుబుక్కుల్లో నేను ఎర్రసిరాతో రాసే మాట!

కానీ ఒకటి చెప్పాలి. ఈసారి పాటలు వేగంగా వచ్చాయి. నేను మధ్యలో ఆపడం లేదు, మాట మార్చడం లేదు, ఆయన వరస తెగడం లేదు. ఆదివారం సాయంత్రానికి నలభై అయ్యాయి. రెండు మాత్రం ఎంత తన్నుకున్నా రాలేదు. రత్నం రోట్లో ఏమీ లేకుండానే రుబ్బింది కూడా, అయినా రాలేదు. మావ పైకి నవ్వుతూనే, "పోన్లెండి, నలభై సాలు" అన్నాడు. కాసేపయ్యాక పెరట్లోకెళ్ళి ఒక్కడే ఏదో కూనిరాగం తీస్తూ, ఆగుతూ, మళ్ళీ తీస్తూ కనబడ్డాడు. ఆ రెండూ నేను చంపినవే కదా.

సోమవారం పొద్దున్న ఫ్లాపీలు జేబులో పెట్టుకుని టెక్కలి బస్సుకి బయల్దేరుతున్నాం. ఫోన్ మోగింది. సింహాచలం!

"బావా! దొరికీసినాయి! నలభైరెండుకి నలభైరెండు, ఒక్క ముక్క పోకుండా అతికించీసినాను!"

"ఆ రెండూ చదువు" అన్నాను ముందు. ఏ రెండో చెప్పాను. ఫాంటు వేసి ఒక్కో ముక్కా చదువుతున్నాడు వాడు. నేను ఫోన్ చెవిన పెట్టుకుని మావకి అప్పజెబుతున్నాను. "జలధి తరంగ ఘోషయందు..." అన్నానో లేదో మావ గబుక్కున, "సముద్రం గోలలోన" అని అందుకున్నాడు. అంతే! నా పద్యం ఒక్కో పాదం చదువుతుంటే ఆయన దాన్ని వెనక్కి తిప్పి పాటగా పాడేస్తున్నాడు. రెండు పాటలూ పది నిమిషాల్లో కొట్టేసి ఫ్లాపీలో ఎక్కించాను. బస్సు పోయింది. పోతే పోయింది, ఇంకో బస్సు ఉంది.

సింహాచలం లైన్లోనే ఉన్నాడు. పాపం మూడు రోజులు కొట్లో కూర్చుని అతికించిన మనిషి. "మరి ఈ పాతవన్నీ ఏటి సెయ్యమంటావు బావా? సీడీ కొట్టి పంపించనా?"

నేను మావ వైపు చూశాను. ఆయన గుమ్మంలో నిలబడి, కండువా సర్దుకుంటూ, ఆ సముద్రం పాటే పాడుకుంటున్నాడు.

"నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడు" అన్నాను. "పిచ్చి అక్షరాలు వస్తున్నాయా?"

"ఒత్తన్నాయి."

"అయితే వైరస్సే. సంపీ బావా."

ఫోన్ పెట్టేశాక రత్నం అడిగింది, "ఇప్పుడేటి భయమేసిందండీ మీకు?" అని. భయం ఏమీ లేదు. అదే నాకూ అర్థం కావడం లేదు. మీకు దండం పెడతాను, ఈ సంగతి మా స్టాఫ్ రూములో మాత్రం ఎవరికీ సెప్పకండి.